పెట్టె మీది అంకె, పెట్టెలోని సత్తా
గ్రాఫిక్స్ కార్డు కొనబోయే కుటుంబాలకు కొన్ని మాటలు

మదరసాలో మేము ఏటేటా పెద్ద తరగతి విద్యార్థులకు క్రయవిక్రయాల అధ్యాయం బోధిస్తుంటాము. అమ్మేవాడు సరుకులోని లోపాన్ని దాచరాదనీ, కొనేవాడు తాను కొంటున్నది ఏమిటో ఎరిగి కొనాలనీ, దాగిన లోపం తరువాత బయటపడితే సరుకును తిరిగి ఇచ్చే హక్కు అతనికి ఉంటుందనీ ఆ అధ్యాయం నేర్పుతుంది. దానిని బోధిస్తూనే మాకు జుట్టు నెరిసింది. అయినా ఒక చిన్న సరుకు కొనే వేళ ఆ పాఠంలోని రెండో మాటను మేమే మరచిపోయాము. దాని వల్ల నష్టపోయింది మేము కాదు, మా మాట నమ్మిన ఒక పేద కుటుంబం. అందుకే ఈ వ్యాసం.

అరకు దారిలో, కొండలు మొదలయ్యే చోట ఉన్న మా శృంగవరపుకోటలో ఒక దర్జీ సోదరుడున్నారు. ఆయన కుమార్తె ఇంజనీరింగులో కంప్యూటర్ సైన్సు చదువుతోంది. 2023 వేసవిలో ఆ అమ్మాయికి కృత్రిమ మేధకు సంబంధించిన ప్రాజెక్టు ఒకటి చేయవలసి వచ్చింది. ఇంట్లో ఉన్నది ఏదో కార్యాలయం వారు వదిలించుకున్న పాత కంప్యూటరు. దానికి గ్రాఫిక్స్ కార్డు పెట్టిస్తే పని జరుగుతుందని తెలిసి, దర్జీ సోదరుడు పండుగ గిరాకీలో మిగిల్చిన సొమ్ము ఆరు వేల పైచిలుకు చేతబట్టుకొని మా వద్దకు వచ్చారు. "హజ్రత్, మీరు చదువుకున్నవారు, కాస్త తోడు రండి" అన్నారు. మేము, ఆయన, ఆ అమ్మాయి ముగ్గురమూ బస్సెక్కి నగరంలోని ఒక దుకాణానికి వెళ్లాము.

దుకాణదారు రెండు పెట్టెలు ముందు పెట్టాడు. రెండింటి మీదా ఒకే పేరు, జీఫోర్స్ జీటీ 730. ఒకదాని మీద 2 జీబీ, రెండో దాని మీద 4 జీబీ అని పెద్ద అక్షరాలు. ధరలో తేడా కొద్దిపాటిదే. అమ్మాయి తన కాగితం చూసుకొని, "చాచా, ఇది పాత రకమేమో, ఒకసారి అడుగుదామా" అన్నది. మేము నవ్వి, "రెండు కంటే నాలుగు ఎక్కువ కదా బేటీ" అన్నాము. నాలుగు జీబీ పెట్టె కొని తిరిగి వచ్చాము.

ఇంటికి వచ్చి అమర్చితే తెర మీద బొమ్మ వచ్చింది గాని ప్రాజెక్టు పని మాత్రం నడవలేదు. అమ్మాయికి కావలసిన కొత్త సాఫ్టువేరు ఆ కార్డును అసలు గుర్తించనే లేదు. తిరిగి తీసుకెళ్తే, "కార్డు పాడైతే చెప్పండి, మారుస్తాను. ఇది బాగానే ఉందిగా" అన్నాడు దుకాణదారు. అతని మాటలో అబద్ధం లేదు. అడగవలసినది మేము అడగలేదు. ఆ రోజు నుండి కొన్ని నెలలు మేము ఆ అమ్మాయి వద్దనే శిష్యరికం చేసి ఈ విషయం నేర్చుకున్నాము. నేర్చుకున్నది పాఠకుల ముందు ఉంచుతున్నాము.

కార్డు చేసే పని

సాధారణమైన తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. అంటే మొత్తం 20,73,600 చుక్కలు. కదిలే బొమ్మ సాఫీగా కనబడాలంటే సెకనుకు 60 సార్లు ఈ చుక్కలన్నిటికీ రంగు నిర్ణయించాలి. సెకనుకు పన్నెండు కోట్లకు పైబడిన నిర్ణయాలు. 4కే అని పిలిచే పెద్ద తెరకైతే దీనికి సరిగ్గా నాలుగింతలు.

కంప్యూటరులోని ప్రధాన ప్రాసెసరు చేయి తిరిగిన రైతు వంటిది. దుక్కి దున్నడం, నీరు పెట్టడం, పద్దు రాయడం అన్నీ అతనికి వచ్చు. కాని ఎకరం మడిలో నాట్లు వేయాలంటే ఒక్క రైతు నేర్పు చాలదు. వరుసగా నిలబడి ఒకే పనిని ఒకేసారి చేసే కూలీల దండు కావాలి. గ్రాఫిక్స్ కార్డు ఆ దండు. ఒక్కొక్క కూలీ చేసే లెక్క చిన్నదే అయినా వేలమంది ఒకేసారి చేస్తారు. 1999లో ఎన్విడియా సంస్థ జీఫోర్స్ 256 అనే కార్డును విడుదల చేస్తూ దానిని ప్రపంచంలో మొదటి జీపీయూ అని ప్రచారం చేసింది. అంతకు ముందు 1996లో వచ్చిన త్రీడీఎఫ్ఎక్స్ వారి వూడూ కార్డు ఆటల ప్రియులకు ఈ రుచి చూపించింది.

బొమ్మలకు రంగు వేసే ఈ దండును ఇతర లెక్కలకు కూడా వాడుకోవచ్చని తరువాత గ్రహించారు. 2006లో ఎన్విడియా ప్రకటించిన కుడా అనే ఏర్పాటు ఆ తలుపు తెరిచింది. ఈనాటి కృత్రిమ మేధ చాలావరకు ఆ తలుపు గుండా వచ్చినదే. అందుకే ఒకప్పుడు ఆటల పిల్లల వస్తువుగా ఉన్న గ్రాఫిక్స్ కార్డు నేడు ఇంజనీరింగు విద్యార్థి పాఠ్యసామగ్రి అయింది. ఎన్విడియాకు, దాని పోటీదారైన ఏఎండీకి హైదరాబాదులో ఇంజనీరింగు కేంద్రాలున్నాయి. అంటే ఈ విద్య మన పిల్లలకు ఉపాధి ఇచ్చే విద్య కూడాను.

జలాశయం, తూము

మేము మోసపోయిన చోటు జీబీ అంకె. ఆ అంకె అబద్ధం కాదు, అది సగం మాట. మా ప్రాంతంవారికి తాటిపూడి జలాశయం పరిచయమే. గోస్తనీ నది మీద కట్టిన ఆ జలాశయం నుండి విశాఖ నగరానికి తాగునీరు పోతుంది. జలాశయంలో ఎంత నీరున్నదన్నది ఒక ప్రశ్న, తూము గుండా సెకనుకు ఎంత నీరు బయటికి వస్తుందన్నది మరొక ప్రశ్న. కార్డు మీద రాసే జీబీ అంకె జలాశయం పరిమాణం మాత్రమే. తూము సామర్థ్యాన్ని మెమరీ బ్యాండ్‌విడ్త్ అంటారు. పెట్టె మీద దీనిని పెద్ద అక్షరాలతో రాయడం అరుదు.

దీని లెక్క మన పిల్లలెవరైనా చేయగలరు. మెమరీకి, చిప్పుకు మధ్య ఉన్న దారి వెడల్పును బిట్లలో చెబుతారు. ఒక్కొక్క బిట్టు దారిలో సెకనుకు ఎన్ని గిగాబిట్లు ప్రవహిస్తాయో ఆ వేగంతో వెడల్పును గుణించి, ఎనిమిదితో భాగిస్తే సెకనుకు ఎన్ని గిగాబైట్లో వస్తుంది.

మేము చూసిన రెండు కార్డులకు ఈ లెక్క వేసి చూద్దాం. రెండింటి దారి వెడల్పూ 64 బిట్లే. 2 జీబీ కార్డులో ఉన్నది జీడీడీఆర్5 రకం మెమరీ, వేగం 5 గిగాబిట్లు. లెక్క వేస్తే సెకనుకు 40 గిగాబైట్లు. మేము కొన్న 4 జీబీ కార్డులో ఉన్నది డీడీఆర్3 రకం, వేగం 1.8 గిగాబిట్లు. లెక్క వేస్తే 14.4 గిగాబైట్లు. అనగా జలాశయం రెట్టింపు, తూము మాత్రం దాదాపు మూడో వంతు. రెండు కంటే నాలుగు ఎక్కువన్న మా పాండిత్యం ఇంతటిది.

అయితే ఆ 2 జీబీ కార్డు కొన్నా అమ్మాయి పని జరిగేది కాదు. జీటీ 730 అన్నది 2014లో వచ్చిన కార్డు. 2022 చివర వచ్చిన కుడా 12 ఆ తరం చిప్పులకు మద్దతు నిలిపివేసింది. కాబట్టి ఏ రకమైన మెమరీ అని అడగడానికి ముందు ఏ సంవత్సరపు చిప్పు, నేటి సాఫ్టువేరు దానిని ఆదరిస్తుందా అని అడగాలి. కొత్త పెట్టెలో ఉన్నంత మాత్రాన సరుకు కొత్తది కాదు.

పేరు ఒకటే, సరుకు వేరు

ఒకే పేరుతో వేర్వేరు సరుకు అమ్మడం ఈ రంగంలో కొత్త కాదు. జీటీ 730 పేరుతోనే మూడు రకాలు వచ్చాయి. వాటిలో ఒక రకంలో 96 కోర్లుంటే తక్కిన రెండింటిలో 384 ఉన్నాయి. 2017లో జీటీ 1030 వచ్చింది. మరుసటి ఏడు అదే పేరుతో మెమరీ రకం మార్చిన కార్డు వచ్చింది. మొదటి దాని బ్యాండ్‌విడ్త్ 48 గిగాబైట్లు, రెండో దానిది 16.8 మాత్రమే. ఆటలలో రెండోది మొదటి దానిలో ఇంచుమించు సగం పని చేసింది. జీటీఎక్స్ 1060లో 6 జీబీ, 3 జీబీ అని రెండు రకాలుండేవి. తేడా మెమరీలోనే అని కొనేవారు అనుకున్నారు. కాని కోర్లు కూడా 1280కి బదులు 1152 ఉన్నాయి.

ఆర్‌టీఎక్స్ 3050 విషయమూ ఇంతే. 2022లో వచ్చిన 8 జీబీ కార్డులో 2560 కోర్లు, 128 బిట్ల దారి, 224 గిగాబైట్ల బ్యాండ్‌విడ్త్. 2024లో వచ్చిన 6 జీబీ కార్డులో 2304 కోర్లు, 96 బిట్ల దారి, 168 గిగాబైట్లు. పేరు అదే. అయితే రెండోది తినే విద్యుత్తు 70 వాట్లే కనుక కొన్ని ఇళ్లకు అదే మేలైన సరుకు కావచ్చు. ఆ మాట ముందుకు చెబుతాము.

ఒక్కోసారి కొనేవారు నిలదీసి గెలిచిన సందర్భాలూ ఉన్నాయి. 2014లో వచ్చిన జీటీఎక్స్ 970కి 4 జీబీ మెమరీ అని రాశారు. అందులో 3.5 జీబీ వేగంగా, చివరి అర జీబీ చాలా నెమ్మదిగా పనిచేస్తుందని కొనుగోలుదారులు పరీక్షించి కనిపెట్టారు. మరికొన్ని వివరాలు కూడా ప్రకటించినదాని కంటే తక్కువేనని తేలింది. అమెరికాలో దావా వేశారు. 2016లో కంపెనీ ఒక్కో కార్డుకు 30 డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నది. 2022 సెప్టెంబరులో ఆర్‌టీఎక్స్ 4080 పేరుతో 12 జీబీ, 16 జీబీ అని రెండు వేర్వేరు చిప్పుల కార్డులు ప్రకటించగా విమర్శలు చెలరేగాయి. కంపెనీ 12 జీబీ కార్డును వెనక్కి తీసుకొని, మరుసటి జనవరిలో వేరే పేరుతో విడుదల చేసింది. అడిగేవారుంటే అమ్మేవారు సరిదిద్దుకుంటారనడానికి ఇవి నిదర్శనాలు.

కోర్ల సంఖ్యను నమ్మవచ్చునా

జీబీ తరువాత ప్రకటనలలో కనబడేది కోర్ల సంఖ్య, టెరాఫ్లాప్స్ అనే లెక్క. కోర్ల సంఖ్యను రెండుతో, ఆపై గడియార వేగంతో గుణిస్తే టెరాఫ్లాప్స్ వస్తాయి. ఒకే కంపెనీ, ఒకే తరం కార్డుల మధ్య ఈ అంకె పనికి వస్తుంది. తరాలు మారితే పనికి రాదు. 2018 నాటి ఆర్‌టీఎక్స్ 2080 టీఐలో 4352 కోర్లు, 13.4 టెరాఫ్లాప్స్. 2020 నాటి ఆర్‌టీఎక్స్ 3070లో 5888 కోర్లు, 20.3 టెరాఫ్లాప్స్. అంకెల ప్రకారం రెండోది ఒకటిన్నర రెట్లు బలమైనది కావాలి. ఆటలలో కొలిచి చూస్తే రెండూ ఇంచుమించు సమానం. 2020 తరంలో కోర్లను లెక్కించే తీరు మారడమే దీనికి కారణం. దశాంశ లెక్కలు చేయగల విభాగాలను రెట్టింపు చేశారు గాని, అందులో సగం పూర్ణాంకాల లెక్కలు కూడా చేస్తూ తమ సమయాన్ని పంచుకోవాలి.

కంపెనీలు మారితే పోలిక ఇంకా కష్టం. ఏఎండీ వారి ఆర్‌ఎక్స్ 6600లో 1792 విభాగాలు. ఎన్విడియా వారి ఆర్‌టీఎక్స్ 3060లో 3584, అంటే సరిగ్గా రెట్టింపు. అయినా మామూలు ఆటలలో మొదటిది రెండో దానికి కొద్దిగానే వెనుకబడుతుంది. మానికతో కొలిచిన బియ్యాన్ని, కుంచంతో కొలిచిన బియ్యాన్ని సంఖ్య చూసి పోల్చలేము. మన పూర్వులు తూనికలు, కొలతలు ఒక్కటిగా ఉండాలని అంత గట్టిగా చెప్పింది ఊరకనే కాదు.

పరీక్షా ఫలితాలను చదవడం ఎలా

అంకెలను నమ్మలేనప్పుడు పని చేయించి చూడడమే దారి. ఇందుకు బెంచ్‌మార్కులనే పరీక్షలున్నాయి. సెకనుకు ఎన్ని చిత్రాలు తయారవుతున్నాయో కొలిచి ఎఫ్‌పీఎస్ అని చెబుతారు. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో చిత్రానికి సుమారు 16.7 మిల్లీసెకన్లు.

ఇక్కడ ఒక జాగ్రత్త కావాలి. సగటు ఒక్కటే చూడరాదు. మా ఊరి నుండి విశాఖకు వెళ్లే బస్సు సగటు వేగం బాగానే ఉండవచ్చు. మధ్యలో రైలు గేటు పడి అరగంట నిలిచిందా, ప్రయాణికునికి గుర్తుండేది ఆ అరగంటే. ఒక కార్డు సగటున 70 ఎఫ్‌పీఎస్ ఇచ్చి, అధ్వానమైన ఒక శాతం సమయంలో 25కి పడిపోతుందనుకోండి. మరొకటి సగటున 62 ఇచ్చి, అధ్వాన సమయంలోనూ 50 నిలబెట్టుకుంటుందనుకోండి. కంటికి రెండోదే సాఫీగా ఉంటుంది. మంచి పరీక్షకులు "ఒక శాతం కనిష్ఠం" అనే అంకెను కూడా ఇస్తారు. ఆ వరుస తప్పక చూడాలి.

రెండో జాగ్రత్త, పరీక్షను ముందే ఎరిగిన విద్యార్థి గురించి. ప్రశ్నపత్రం ముందుగా దొరికినవాని మార్కులు చూసి ఉపాధ్యాయుడెవరూ మురిసిపోడు. 2001లో ఏటీఐ సంస్థ రేడియాన్ 8500 కార్డు సాఫ్టువేరు, నడుస్తున్నది క్వేక్ 3 అనే ప్రసిద్ధమైన ఆట అని గుర్తుపట్టి, బొమ్మ నాణ్యత తగ్గించి వేగం పెంచుతోందని బయటపడింది. పరిశీలకులు ఆ ఆట ఫైలు పేరులో అక్షరాలు మార్చగానే వేగం తగ్గి బొమ్మ బాగుపడింది. ఆ ఏటీఐని 2006లో ఏఎండీ కొన్నది. 2003లో ఎన్విడియా మీద కూడా త్రీడీమార్క్ అనే పరీక్ష విషయంలో ఇలాంటి ఆరోపణే వచ్చింది. కాబట్టి ఒక్క పరీక్ష ఫలితం చాలదు. వేర్వేరు పనులతో, కంపెనీతో సంబంధం లేనివారు చేసిన పరీక్షలు చూడాలి.

మూడో జాగ్రత్త ఈ మధ్య కాలంలో అవసరమైనది. 2025 జనవరిలో ఎన్విడియా 549 డాలర్ల ఆర్‌టీఎక్స్ 5070, 1,599 డాలర్ల ఆర్‌టీఎక్స్ 4090 అంత పని చేస్తుందని వేదిక మీద ప్రకటించింది. మొదటి దానిలో 6144 కోర్లు, 12 జీబీ. రెండో దానిలో 16,384 కోర్లు, 24 జీబీ. ఆ సమానత్వం ఎలా వచ్చింది? కార్డు నిజంగా గీసిన ఒక్కో చిత్రానికి కృత్రిమ మేధ ఊహించి చేర్చిన చిత్రాలను కలిపి లెక్కించడం వల్ల వచ్చింది. ఆ చిత్రాలు కంటికి సాఫీగానే ఉండవచ్చు. కాని ఆటగాడు మీట నొక్కితే స్పందించే వేగం దానితో పెరగదు, ప్రాజెక్టు లెక్కలకు ఆ విద్య ఏ మాత్రం ఉపయోగపడదు. గీసిన చిత్రాలెన్ని, ఊహించిన చిత్రాలెన్ని అని అడగడం కొనేవారి హక్కు.

రెండు కార్డులు, రెండు ఇళ్లు

ఇప్పుడు మధ్యతరగతి ఇంట చర్చకు వచ్చే రెండు కార్డులను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీ రకం, 2021లో వచ్చింది. దానిలో 3584 కోర్లు, 192 బిట్ల దారి, 360 గిగాబైట్ల బ్యాండ్‌విడ్త్, 170 వాట్లు. ఆర్‌టీఎక్స్ 4060 2023లో వచ్చింది. దానిలో 8 జీబీ, 3072 కోర్లు, 128 బిట్ల దారి, 272 గిగాబైట్లు, 115 వాట్లు.

కాగితం మీద పాతదే గెలుస్తున్నట్టుంది. కాని ఆటలలో కొత్తది సుమారు ఐదో వంతు ముందుంటుంది. కారణాలు రెండు. దాని గడియార వేగం చాలా ఎక్కువ. పైగా చిప్పు లోపలే ఉండే చిన్న నిల్వ పాతదానిలో 3 మెగాబైట్లుంటే కొత్తదానిలో 24. ఇంటి ముంగిట పెద్ద తొట్టి ఉన్నవారు మాటిమాటికి కాలువకు పోనక్కరలేదు కదా. అందువల్ల తూము చిన్నదైనా పని ఆగదు. తూము లెక్క కూడా ఒంటరిగా చూస్తే సగం మాటేనని దీనితో తేలుతుంది.

ఇక దర్జీ సోదరుని కుమార్తె వంటి విద్యార్థి సంగతి వేరు. ఆమె నడపవలసిన భాషా నమూనాలో 700 కోట్ల పరామితులుంటే, ఒక్కోదానికి రెండు బైట్ల చొప్పున 14 జీబీ చోటు కావాలి. వాటిని కుదించి ఒక్కోదానికి అర బైటు చేస్తే 3.5 జీబీ, ఆపైన పని జరగడానికి మరికొంత. ఇక్కడ జలాశయమే ముఖ్యం. నమూనా మెమరీలో పట్టకపోతే వేగం మాట అటుంచి పనే మొదలు కాదు. ఆమెకు 12 జీబీ పాత కార్డు మేలు. ఆటలాడే, వీడియోలు కూర్చే కుర్రవానికి 8 జీబీ కొత్త కార్డు మేలు. ఏది గొప్పదన్న ప్రశ్నకు జవాబు కార్డులో లేదు, ఇంటి అవసరంలో ఉంది.

2024 డిసెంబరులో ఇంటెల్ సంస్థ బీ580 అనే కార్డును 12 జీబీతో, 456 గిగాబైట్ల బ్యాండ్‌విడ్త్‌తో 249 డాలర్లకు ప్రకటించింది. అంకెలు ఆకర్షణీయమైనవే. అయితే కళాశాల పాఠాలు, ప్రాజెక్టులు కుడా మీద ఆధారపడి ఉంటే అది ఎన్విడియా కార్డులలోనే నడుస్తుంది. ఏఎండీ, ఇంటెల్ కార్డులు కొనే ముందు విద్యార్థి తన ఉపాధ్యాయులను ఈ మాట అడగాలి.

కరెంటు, పెట్టె, ల్యాప్‌టాప్

కార్డు ఎంత మంచిదైనా మీ కంప్యూటరు దానిని మోయగలగాలి. కార్డును గుచ్చే గాడి 75 వాట్ల వరకే విద్యుత్తు ఇస్తుంది. అంతకు మించితే పవర్ సప్లై నుండి విడిగా తీగ కావాలి. కార్యాలయాల పాత కంప్యూటర్లలో ఆ తీగ ఉండకపోవచ్చు. అటువంటి ఇంటికి 70 వాట్ల 3050 వంటి కార్డు తప్ప మార్గం ఉండదు. లేదా పవర్ సప్లై కూడా మార్చాలి, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి. పై రెండు కార్డుల మధ్య తేడా 55 వాట్లు. రోజుకు ఆరు గంటలు, ఏటా 300 రోజులు పూర్తి భారంతో నడిపితే 99 యూనిట్లు. మా వంటి ఊళ్లలో వోల్టేజీ హెచ్చుతగ్గులు, హఠాత్తుగా కరెంటు పోవడం మామూలే కనుక యూపీఎస్ కూడా అవసరమే.

గాడి సంగతి మరొకటి. 2022లో వచ్చిన ఏఎండీ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ గాడిలోని పదహారు వరుసలలో నాలుగింటినే వాడుకుంటుంది. కొత్త మదర్‌బోర్డులో పరవాలేదు, పాత మూడో తరం గాడిలో పెడితే వేగం బాగా పడిపోతుంది. పైగా వీడియో రికార్డు చేసే ఎన్‌కోడరు అందులో లేదు. పాఠాలు రికార్డు చేసే మా వంటివారికి అది పెద్ద లోటు.

ల్యాప్‌టాప్ కొనేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4090లో 16,384 కోర్లుంటే, అదే అంకె గల ల్యాప్‌టాప్ చిప్పులో 9,728. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4060ను తయారీదారు 35 వాట్ల నుండి 115 వాట్ల వరకు ఎంతకైనా అమర్చవచ్చు. ఒకే పేరు గల రెండు ల్యాప్‌టాప్‌ల పనితనంలో పెద్ద అంతరం ఉండటానికి ఇదే కారణం. వాట్లెన్ని అని అడగకుండా కొనరాదు.

వాడిన కార్డులు

2021 ప్రాంతంలో ఈథీరియం అనే క్రిప్టో నాణెం కోసం కార్డులను వేల సంఖ్యలో రాత్రింబవళ్లు నడిపించారు. 2022 సెప్టెంబరులో ఈథీరియం ఆ పద్ధతి మానుకోవడంతో ఆ కార్డులు పాత సరుకుల బజారుకు వచ్చాయి. వాడిన కార్డు కొనడం తప్పు కాదు. ఫ్యాన్లు తిరిగే తీరు, వేడి, వారంటీ చూసి, కళ్లెదుట అరగంట నడిపించి కొనాలి. పాత చిప్పుకు కొత్త పేరు కనబడేలా లోపలి సాఫ్టువేరు మార్చి అమ్మే మోసగాళ్లు కూడా ఉన్నారు. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్టువేరు చిప్పు పేరు, మెమరీ రకం, దారి వెడల్పు చూపిస్తుంది. 2018 నుండి నకిలీ కార్డులను గుర్తించే ఏర్పాటు కూడా అందులో ఉంది. దుకాణంలోనే దానిని నడిపి చూపమని అడగడానికి మొహమాటం అక్కరలేదు. నిజాయితీగల వ్యాపారికి ఆ పరీక్ష గౌరవమే.

అసలు అవసరమా

ఇంతవరకు చదివినవారు ఈ ప్రశ్న వేసుకోవాలి. ఉత్తరాలు టైపు చేయడం, పద్దులు, ఉర్దూ, తెలుగు అక్షరకూర్పు, ఆన్‌లైన్ తరగతులు, వీడియోలు చూడడం వంటి పనులకు ప్రాసెసరులోనే ఉండే గ్రాఫిక్స్ చాలు. విడిగా కార్డు కొనడం దుబారా. కార్డు కావలసిన విద్యార్థి కూడా ముందు ఉచిత దారులు వెదకాలి. గూగుల్ కొలాబ్, కాగల్ అనే సేవలు ఇంటర్నెట్టు ద్వారా టీ4 వంటి కార్డులను విద్యార్థులకు ఉచితంగా వాడుకోనిస్తాయి. టీ4లో 16 జీబీ మెమరీ, 320 గిగాబైట్ల బ్యాండ్‌విడ్త్ ఉన్నాయి. కాగల్‌లో వారానికి సుమారు 30 గంటలు దొరుకుతాయి. దర్జీ సోదరుడు ఆరు వేలతో కాదు, ఇరవై వేలతో వెళ్లినా అంత పెద్ద మెమరీ గల కొత్త కార్డు దొరికేది కాదు. ఈ సంగతి మాకు ముందే తెలిసి ఉంటే ఆ బస్సు ఎక్కేవాళ్లమే కాదు.

కొనక తప్పదని తేలితే ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకొని వెళ్లండి. చిప్పు పేరేమిటి, ఏ సంవత్సరానిది? మెమరీ ఎంత, ఏ రకం, దారి ఎన్ని బిట్లు? బ్యాండ్‌విడ్త్ ఎంత? ఇదే పేరుతో వేరే రకాలున్నాయా? ఎన్ని వాట్లు, విడి తీగ కావాలా? మా సాఫ్టువేరు దీనిని ఆదరిస్తుందా? పని చేయకపోతే ఎన్ని రోజులలో తిరిగి తీసుకుంటారు? చివరి జవాబును బిల్లు మీద రాయించుకోండి. జీఎస్టీ బిల్లు లేకుండా కొనకండి. మోసం జరిగిందనిపిస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మనకు ఆ హక్కునిస్తుంది.

ఆ తరువాత

అమ్మాయి ప్రాజెక్టు ఆగలేదు. తండ్రి ఫోను నుండి ఇంటర్నెట్టు తీసుకొని, రాత్రివేళల్లో కాగల్ మీద పని పూర్తి చేసుకున్నది. మేము ఆ ఆరు వేల పైచిలుకు ఇవ్వబోతే దర్జీ సోదరుడు పుచ్చుకోలేదు. "మీరు మేలు కోరే వచ్చారు హజ్రత్" అన్నారు. మేలు కోరడం వేరు, మేలు చేయగల జ్ఞానం ఉండడం వేరు. చివరికి ఒక ఉపాయం దొరికింది. మదరసా కార్యాలయ కంప్యూటరులో తెరకు బొమ్మ పంపే భాగం చెడిపోయి ఉన్నది. ఆ పనికి ఆ కార్డు చక్కగా సరిపోతుంది. పూర్తి ధర చెల్లించి మేమే దానిని కొనుక్కున్నాము. లోపం ఎరిగి కొన్నాము గనుక ఈ బేరంలో ఎవరికీ నష్టం లేదు.

2024లో వారు మళ్లీ సొమ్ము కూడబెట్టారు. ఈసారి కూడా మమ్మల్ని తోడు రమ్మన్నారు. అమ్మాయి కాగితం తీసి ఒక్కొక్క ప్రశ్నే అడిగింది. తమ పాత కంప్యూటరులో విడి తీగ లేదని చెప్పి, 70 వాట్ల 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050 తీసుకున్నది. చిన్న పనులకు ఇది, పెద్ద పనులకు కాగల్ అని ముందే నిర్ణయించుకున్నది. దుకాణదారు ఓపికగా జవాబులు చెప్పి బిల్లు మీద రాసిచ్చాడు. మేము పక్కన కూర్చొని టీ తాగాము, ఒక్క మాటా మాట్లాడలేదు.

ఈ ఏడు క్రయవిక్రయాల అధ్యాయం మొదలుపెట్టిన రోజున మేము ఆ జీటీ 730 ఖాళీ పెట్టెను తరగతికి తీసుకువెళ్లి బల్ల మీద పెట్టాము. దాని మీద 4 జీబీ అన్న అక్షరాలు ఇంకా మెరుస్తూనే ఉన్నాయి. "ఇందులో అబద్ధం ఎక్కడుందో చెప్పండి" అని అడిగాము. పిల్లలు తిప్పి తిప్పి చూసి ఎక్కడా లేదన్నారు. నిజమే, లేదు. అక్కడి నుండే పాఠం మొదలుపెట్టాము.